తొలి జీతం దాకా ఎన్ని నెలలు: ఒక అనంతపురం విద్యారుణం కేసు

2023 ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం ముగ్గురు నా గదికి వచ్చారు. అనంతపురం టవర్ క్లాక్‌కు నాలుగు అడుగుల దూరంలో, ఒక మందుల దుకాణం పైన ఉంటుంది ఆ గది. బ్యాంకులో 27 ఏళ్లు రుణాల విభాగంలో పనిచేసి బయటికొచ్చాక, పిల్లల చదువులకు అప్పు తీసుకోబోయే కుటుంబాలకు లెక్క చూసిపెట్టడమే నా పని. అప్పు ఇప్పించడం కాదు. ఆ తేడా మొదటి పది నిమిషాల్లో చెప్పకపోతే తరువాత ఇద్దరికీ ఇబ్బంది.

ఈ కేసు ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, అంకెలు మార్చలేదు.

తండ్రికి నార్పల వైపు 6 ఎకరాల చీనీ తోట. తల్లి అంగన్‌వాడీ కార్యకర్త. అనంతపురంలో సొంత ఇల్లు ఉంది. అమ్మాయి 2021లో బీటెక్ పూర్తి చేసి బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరింది. ఏడాదికి 3.6 లక్షలతో మొదలై 4.2 లక్షలకు చేరింది. నెలకు చేతికి 31 వేలు. అమెరికాలో ఇన్ఫర్మేషన్ సైన్స్‌లో ఎంఎస్ చేయడానికి మూడు సీట్లు వచ్చాయి. వాటిలో పెద్ద నగరంలోని విశ్వవిద్యాలయాన్ని దాదాపు ఖాయం చేసుకుని, అప్పు ఏ బ్యాంకులో తీసుకుంటే మంచిదో అడగడానికి వచ్చారు. తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ప్రశ్నే కాదు.

తండ్రి మడత విప్పి బల్ల మీద పెట్టిన కాగితం కన్సల్టెన్సీ వాళ్లిచ్చింది. అందులో మూడే మూడు వరుసలు. ఫీజు 26 లక్షలు. చదువయ్యాక సగటు జీతం 85 వేల డాలర్లు, అంటే 70 లక్షలు. "అప్పు ఒక్క ఏడాదిలో తీరుతుంది." ఆ మూడో వరుస కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశారు.

దానికి తోడు, అమ్మాయి మేనత్త కొడుకు అమెరికా నుంచి ఇంకో కాగితం పంపించాడు. అది కాలేజ్ స్కోర్‌కార్డ్ నుంచి తీసిన పేజీ. ఫలానా విశ్వవిద్యాలయంలో ఫలానా కోర్సు చదివినవాళ్ల మధ్యస్థ సంపాదన ఎంత, వాళ్ల మధ్యస్థ అప్పు ఎంత అని అమెరికా విద్యాశాఖ పక్కపక్కనే చూపించే పట్టిక అది. కన్సల్టెన్సీ కాగితం కంటే వంద రెట్లు నిజాయతీ ఉన్నది. అందుకే దానితోనే ఎక్కువ ప్రమాదం. అబద్ధాన్ని ఎవరైనా అనుమానిస్తారు. వేరేవాళ్ల గురించిన నిజాన్ని మన గురించే అనుకుంటే మాత్రం ఎవరూ పట్టుకోలేరు.

ఆ పట్టికలో ఉన్నది అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకుని చదివినవాళ్లే. వాళ్ల పేర్లను ప్రభుత్వ పన్ను లెక్కలతో జతచేసి సంపాదన తేలుస్తారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లే మన పిల్లలకు ఆ సాయం రాదు. అంటే నార్పల అమ్మాయి లాంటివాళ్లు ఒక్కరు కూడా ఆ లెక్కలో లేరు. అప్పు అంకె కూడా ఫెడరల్ రుణాలదే. జీతం తక్కువైతే వాయిదా తగ్గించే ఏర్పాట్లు ఆ రుణాలకు ఉన్నాయి. మన బ్యాంకు అప్పుకు అలాంటిదేమీ లేదు. పైగా అక్కడి పౌరుడు ఏ ఉద్యోగంలోనైనా ఎప్పుడైనా చేరగలడు. మన అమ్మాయికి గడువులున్నాయి. ఉద్యోగం చదువుకు సంబంధించినదే అయి ఉండాలి.

తండ్రి అంతా విని, "అయితే ఈ కాగితం దేనికీ పనికిరాదా సార్?" అన్నారు. రెండు కాలేజీలను పోల్చుకోవడానికి పనికొస్తుందని, మన ఇంటి అప్పు తీరుతుందో లేదో చెప్పడానికి పనికిరాదని చెప్పాను.

ఆయనకు ఇంకో అనుమానం ఉంది. "ఇన్ఫర్మేషన్ సైన్స్ అంటే లైబ్రరీ చదువా?" అది తీసిపారేసే ప్రశ్న కాదు. బెంగళూరు కాలేజీల్లో ఇన్ఫర్మేషన్ సైన్స్ అంటే కంప్యూటర్ సైన్స్‌కు తోబుట్టువు. అమెరికాలో చాలాచోట్ల అది గ్రంథాలయ శాస్త్ర కళాశాలల నుంచి ఎదిగిన శాఖ. డేటాబేసులు, డేటా విశ్లేషణ, సమాచార వ్యవస్థల రూపకల్పన అందులోనే ఉంటాయి. గ్రంథాలయ నిర్వహణ, పాత దస్తావేజుల భద్రత కూడా అదే గొడుగు కింద ఉండొచ్చు. కోర్సు పేరు చూసి ఏదీ తేల్చలేం. సీటు ఇచ్చిన విశ్వవిద్యాలయం వీసా కోసం పంపే ఐ-20 పత్రంలో కోర్సుకు ఒక సంఖ్య ఉంటుంది, చూడాల్సింది దాన్ని. 11.0401 ఉంటే స్టెమ్ కోర్సు, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం జాబితాలోది. చదువయ్యాక, విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేయనిచ్చే ఓపీటీ కింద 12 నెలలు, దాని మీద ఇంకో 24 నెలలు పనిచేసే వీలుంటుంది. మొత్తం 36. మూడు సీట్లలో అన్నిటికంటే చవకైనది గ్రంథాలయ శాస్త్రం కింద, 25తో మొదలయ్యే సంఖ్యతో ఉంది. అక్కడ 12 నెలలతో సరి. దాన్ని అప్పుడే పక్కన పెట్టేశాం.

మిగిలినవి రెండు. పెద్ద నగరంలోది ఒకటి, చిన్న ఊళ్లో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇంకొకటి. రెండింటి సంఖ్యా 11.0401.

అప్పు అసలు ఎంత

కన్సల్టెన్సీ కాగితంలో ఫీజు తప్ప ఏమీ లేదు. పెద్ద నగరంలో రెండేళ్ల ఫీజు 32 వేల డాలర్లు. గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా కలిపి నెలకు 1,150 చొప్పున 20 నెలలకు 23 వేలు. కలిపితే 55 వేల డాలర్లు. అప్పటి మారకం రేటు 82 దగ్గర ఉంది కాబట్టి 45.1 లక్షలు. వీసా రుసుము, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ రుసుము, విమానం టికెట్టు, పరీక్షల ఖర్చు ఇంకో 2 లక్షలు. బ్యాంకు పెట్టమనే సొంత వాటా 15 శాతం తీసేస్తే, అప్పు 40 లక్షలు.

ఇక్కడితో ఆగిపోతారు అందరూ. అప్పు ఎంత అని అడిగితే మంజూరు పత్రంలోని అంకె చెబుతారు. నేను అడిగేది మొదటి వాయిదా కట్టే రోజున ఎంత ఉంటుందని.

40 లక్షలు ఒకేసారి రావు. సెమిస్టరుకు 10 లక్షల చొప్పున నాలుగుసార్లు వస్తాయి: 2023 జులై, 2024 జనవరి, జులై, 2025 జనవరి. మేం అడిగిన ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆడపిల్లలకిచ్చే అర శాతం రాయితీ పోగా వడ్డీ 10.25 శాతం. చదువుతున్నన్నాళ్లూ, ఆపైన 6 నెలలూ వాయిదా ఉండదు. అంటే తొలి వాయిదా 2025 డిసెంబరులో. వాయిదా లేదంటే వడ్డీ లేదని కాదు. మొదటి 10 లక్షల మీద 28 నెలలు, రెండో దాని మీద 22, మూడో దాని మీద 16, నాలుగో దాని మీద 10 నెలలు బారు వడ్డీ పడుతూనే ఉంటుంది. అంతా కలిపితే 6.49 లక్షలు. అది అసలులో కలిసి, డిసెంబరు నాటికి అప్పు 46.49 లక్షలు అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 62 వేలు, పదిహేనేళ్లలో అయితే 50,700.

తాకట్టు లేకుండా ఇస్తామన్న ఫైనాన్స్ సంస్థ 12.75 శాతం అంది. అదే లెక్క వేస్తే పదేళ్ల వాయిదా 71 వేలు. "ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదు కదా" అనే సౌకర్యానికి నెలకు 9 వేలు. ఆ దారి అక్కడే మూసేశాం.

ఆదాయపు పన్ను చట్టం 80ఈ సెక్షన్ కింద వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని కూడా కన్సల్టెన్సీ చెప్పిందట. తండ్రిది వ్యవసాయాదాయం, దానికి పన్నే లేదు. అమ్మాయి సంపాదించబోయేది అమెరికాలో. లేని పన్నుకు మినహాయింపు ఎందుకు? రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకం గురించి కూడా అడిగారు. అప్పట్లో ప్రపంచ ర్యాంకుల్లో ముందున్నవాటికే అది వర్తించేది, వీళ్ల రెండూ ఆ జాబితాలో లేవు.

రెండు దేశాల జీతాలు

సంపాదన వైపు వచ్చేసరికి నేను సగటు అంకె వాడను. వాడితే ఈ కేసులో జవాబు చాలా బాగా వస్తుంది, అందుకే వాడను. అమెరికాలో ఉద్యోగం వస్తే 40 లక్షల అప్పు కూడా భారం కాదు. రాకపోతే 20 లక్షలు కూడా నడుము విరుస్తాయి. ఈ రెండింటికీ మధ్యలో సగటు తీస్తే వచ్చే మనిషి ఎక్కడా ఉండడు. చీనీ రైతుకు ఇది నేను చెప్పాలా? టన్ను 15 వేలు పలికిన ఏడూ, 60 వేలు పలికిన ఏడూ ఆయన చూశారు. ఆ రెండింటి సగటుకు మందుల కొట్లో బాకీ తీరదు.

అందుకని రెండు లెక్కలు విడివిడిగా వేశాను.

మొదటిది, తిరిగి రావాల్సి వస్తే. ఎంఎస్ పట్టా, ముందు రెండేళ్ల అనుభవం ఉన్న అమ్మాయికి బెంగళూరులో 9 లక్షల ఉద్యోగం దొరుకుతుందనుకున్నాం. చేతికి నెలకు 68 వేల దాకా. బెంగళూరు అద్దెలు తెలిసినవాడిగా అందులో 40 శాతానికి మించి వాయిదాకు పోకూడదంటాను. అది 27 వేలు. 27 వేల వాయిదాతో పదిహేనేళ్లలో తీరే అప్పు 24.8 లక్షలు. చదువుకాలపు వడ్డీని వెనక్కి తీసేస్తే, ఈ రోజు తీసుకోదగ్గది 21 లక్షలు. వాళ్లు అడుగుతున్నది దానికి దాదాపు రెట్టింపు.

రెండోది, అక్కడే ఉద్యోగం వస్తే. 85 వేల డాలర్లు పక్కన పెట్టి 60 వేలతో వేశాను. పన్నులో మన పిల్లలకు రెండు వెసులుబాట్లున్నాయి. ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు (అక్కడి పింఛనుకు, వృద్ధుల వైద్యానికి జీతంలోంచి కోసేవి) ఉండవు. భారత్, అమెరికా పన్ను ఒప్పందం వల్ల స్టాండర్డ్ డిడక్షన్ కూడా దొరుకుతుంది. వేరే దేశాల విద్యార్థుల్లో చాలామందికి అది లేదు. ఖర్చులు పోను నెలకు లక్ష రూపాయలు నిలకడగా ఇంటికి పంపగలదని అనుకున్నాం. ఇక్కడ నా కొలత ఒకటే: 36 నెలల ఓపీటీ లోపు అప్పు తీరాలి. ఓపీటీ తరువాత అక్కడ ఉద్యోగంలో కొనసాగడానికి కావాల్సిన హెచ్-1బి వీసాను లెక్కలో పెట్టను. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికా మాస్టర్స్ వాళ్లకు అదనంగా 20 వేలు, ఆపైన లాటరీ. లాటరీ టికెట్టు తాకట్టు పెట్టుకుని ఏ బ్యాంకయినా అప్పిస్తుందా? ఇవ్వదు. మరి మనం ఎందుకు పెట్టుకోవాలి?

నెలకు లక్ష చొప్పున 46.49 లక్షలు తీరడానికి 60 నెలలు పడుతుంది. రెండు కొలతల్లోనూ పెద్ద నగరం సీటు తప్పింది.

చిన్న ఊరి విశ్వవిద్యాలయం ఫీజు రెండేళ్లకు 19 వేల డాలర్లు. నలుగురితో కలిసి ఉంటే నెలకు 800 చాలు, 21 నెలలకు 16,800. ప్రయాణం ఖర్చులు కలిపి 31.4 లక్షలు. అమ్మాయి దాచుకున్న 2 లక్షలు, తల్లి చిట్టీ, తండ్రి దగ్గరున్నది కలిపి 8 లక్షలు. అప్పు 24 లక్షలు సరిపోతుంది. నా 21 కంటే 3 ఎక్కువ. దానికి ఒక మార్గం ఉంది: చదువుతున్న కాలంలోనే నెలనెలా వడ్డీ కట్టేస్తే అసలు పెరగదు. 24 లక్షలకు పదిహేనేళ్ల వాయిదా 26,160. 27 వేల గీతకు ఇవతలే. వడ్డీ కట్టలేకపోయినా, నెలకు లక్ష పంపితే 32 నెలల్లో తీరుతుంది.

కాగితం మీద ఇంత శుభ్రంగా వచ్చిన లెక్కను చూస్తే నాకు కొంచెం భయం. అయినా ఇదే చెప్పాను.

ఇల్లు ఎవరిది

తండ్రికి నచ్చలేదు. పక్క ఊరి అబ్బాయి వెళ్లింది పెద్ద నగరానికి, ఆ పేరు అందరికీ తెలుసు, ఈ చిన్న ఊరి పేరు చెబితే ఎవరికీ తెలియదు. పరువు మాట ఆయన నోటితో అనలేదు, కానీ గదిలో అందరికీ వినిపించింది. "కావాలంటే తోట తాకట్టు పెడతాను సార్, ఎకరం ఎంత పలుకుతుందో మీకు తెలుసు కదా" అన్నారు.

తోట పనికిరాదు. బాకీ పడితే కోర్టుకు పోకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే విద్యారుణానికి పొలం పెడతామంటే మేనేజర్లు మర్యాదగా టీ ఇప్పించి పంపేస్తారు. పెట్టగలిగింది ఊళ్లో ఇల్లు ఒక్కటే.

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని తల్లి అప్పుడు నోరు విప్పింది. "ఇల్లు నా పేరు మీద ఉంది సార్. మా నాయన ఇచ్చిన స్థలం. పొద్దుటి నుంచి ఇంటి సంగతి అందరూ మాట్లాడుతున్నారు. నన్నెవరూ అడగలేదు."

నాకూ తగలాల్సిన మాటే. ఆస్తి ఎవరి పేరున ఉందో మొదటి ప్రశ్నగా అడగాల్సినవాణ్ణి, తండ్రి ముందు కుర్చీలో కూర్చున్నారని ఆయనదే అనుకున్నాను. 27 ఏళ్ల అలవాటు.

అమ్మాయి తండ్రి వైపు తిరిగి అడిగింది. "నాయనా, నాకు ఉద్యోగం రాకపోతే నెలకు 50 వేలు ఎక్కడి నుంచి కడతావు?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. కాసేపటికి నన్ను చూసి తోట గురించి చెప్పారు. చెట్లు నాటి 14 ఏళ్లయింది. కాపు తగ్గుతోంది. ఎండు తెగులు వచ్చి ఒక్కొక్కటే పోతున్నాయి. బోరు 700 అడుగులు, వేసవిలో గంట నీళ్లొస్తే గొప్ప. మహా అయితే ఇంకో నాలుగైదేళ్లు. తరువాత పీకేసి కొత్తవి నాటితే కాపుకు రావడానికి మళ్లీ ఐదేళ్లు.

నా లెక్కలో లేని అంకె అది. అప్పుకు పూచీ తండ్రిది, కానీ వాయిదాలు మొదలయ్యే 2025 చివరికి ఆయన తోట దిగిపోయే దశలో ఉంటుంది. అమ్మాయి నిలదొక్కుకోకపోతే ఆదుకోవాల్సిన మనిషికి అదే సమయంలో ఆదాయం ఉండదు. బ్యాంకు అడిగే ఆదాయ ధ్రువపత్రంలో ఈ సంగతి ఎక్కడ రాయాలి? అది నిరుటి ఆదాయమే అడుగుతుంది. చెట్టు వయసు అడగదు.

నాలుగు రోజుల తరువాత తల్లి ఫోను చేసింది. చిన్న ఊరి విశ్వవిద్యాలయం అయితే సంతకం పెడతానని తేల్చేసిందట. ఈసీ, లింకు దస్తావేజులు, లాయరు అభిప్రాయం, ఇంటి విలువ కట్టడం అన్నీ ముగిసి జూన్ మూడో వారంలో 24 లక్షలు మంజూరయ్యాయి. తండ్రి సంతకం పూచీదారుగా మాత్రమే.

తరువాత జరిగింది

మొదటి ఏడాది నేను చెప్పినట్టే నడిచింది. నాలుగు విడతల్లో 6 లక్షల చొప్పున వచ్చే అప్పుకు వడ్డీ నెలకు 5,125తో మొదలై విడత విడతకూ అంతే పెరుగుతుంది. తండ్రి 2024 డిసెంబరు దాకా ఒక్క నెల తప్పకుండా కట్టారు. ఆ తరువాత బోరు ఎండింది. కొత్త బోరు రెండుసార్లు వేశారు, రెండూ దుమ్మే. వడ్డీ కట్టడం ఆగిపోయింది.

రూపాయి కూడా చెప్పిన మాట వినలేదు. 6 లక్షలకు 2023లో 7,300 డాలర్లు వస్తే, 2025 జనవరి విడతకు 6,930 దాకా వచ్చాయి. మంజూరు రూపాయల్లో ఉంటుంది, ఫీజు డాలర్లలో ఉంటుంది. ఆ తేడాను అమ్మాయి క్యాంపస్ గ్రంథాలయం కౌంటరులో కూర్చుని పూడ్చుకుంది. చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే అనుమతి, అంతా వాడింది. లైబ్రరీ చదువా అని తండ్రి అడిగిన ప్రశ్నను గుర్తుచేసి నవ్వింది ఫోనులో.

అసలు తప్పు నాది. 2025 మేలో పట్టా వచ్చింది. ఓపీటీ జులై 1న మొదలైంది. ఉద్యోగంలో చేరింది అక్టోబరు 6న. మధ్యలో ఐదు నెలలు అద్దె కట్టాలి, తినాలి. బ్యాంకు ఖర్చుల అంచనా చదువు ముగిసే నెలతో ఆగుతుంది, నా కాగితమూ అక్కడే ఆగింది. నెలకు 800 చొప్పున 4 వేల డాలర్లు, అంటే 3.5 లక్షలు. తల్లి గాజులూ గొలుసూ తాకట్టు పెట్టి పంపించారు. నాకు చెప్పింది కూడా పంపేశాకే.

ఆ రోజుల్లో ఇంకో గడియారం కూడా నడుస్తుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు దొరికితే ఇంకో 60 కలుస్తాయి కానీ అది తరువాతి మాట. ఆగస్టు 24 నాటికి 55 రోజులు ఖర్చయ్యాయి. అప్పుడు అమ్మాయి తన శాఖలోనే ఒక పరిశోధన బృందంలో జీతం లేకుండా వారానికి 20 గంటలకు పైగా పనికి కుదిరింది. మొదటి 12 నెలల ఓపీటీలో చదువుకు సంబంధించిన స్వచ్ఛంద పని కూడా లెక్కకొస్తుంది, గడియారం ఆగుతుంది. ఇది ఆమె తనంతట తాను తెలుసుకున్నదే. ఆ బృందం చేస్తున్నది ఆసుపత్రి రికార్డుల పని. అక్కడి పరిచయంతోనే పక్క పట్టణంలో ఒక ఆసుపత్రిలో డేటా విశ్లేషకురాలిగా ఉద్యోగం వచ్చింది. జీతం 58 వేల డాలర్లు. కన్సల్టెన్సీ చెప్పిన 85 కాదు, నేను వేసిన 60 కూడా కాదు.

సెప్టెంబరు 20, శనివారం పొద్దున్నే తండ్రి ఫోను. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని అమెరికా అధ్యక్షుడు ముందు రోజు ఉత్తర్వు జారీ చేశాడు. టీవీలో చూసినప్పటి నుంచీ ఆయన నిద్రపోలేదట. "మన లెక్కలో ఆ వీసా లేదు కదా సార్?" అని అడిగారు. లేదన్నాను. "మీరు అప్పుడు లేదన్నప్పుడు నాకు కోపం వచ్చింది" అన్నారు. అక్కడే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవాళ్లకు ఆ రుసుము వర్తించదని అక్టోబరులో స్పష్టత వచ్చింది. ఆ ఉద్యోగం కోసం ఆసుపత్రి వీసా వేస్తుందా లేదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

2025 డిసెంబరులో తొలి వాయిదా నాటికి అప్పు 26.1 లక్షలు. వడ్డీ ఆగిన 11 నెలలది 2.1 లక్షలు అసలులో కలిసింది. మా రేటు రెపోకు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుకు, ముడిపడి ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. 6.5 శాతం దగ్గర రెండేళ్లు కదలని రెపోను రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి తగ్గించుకుంటూ జూన్‌కు 5.5కు తెచ్చింది. మా 10.25 కాస్తా 9.25 అయింది. పదిహేనేళ్ల వాయిదా 26,900. నేను గీసిన 27 వేల గీతకు వంద రూపాయలు ఇవతల. దీన్ని నా తెలివి అనుకోవద్దు. రెపో తగ్గకపోతే 28,500 అయ్యేది.

డాలరు అదే డిసెంబరులో 90 దాటింది. చదువుకునే రోజుల్లో దెబ్బ కొట్టిన రూపాయి పతనం, సంపాదించే రోజుల్లో లాభం చేస్తోంది. పన్ను పోగా అమ్మాయి చేతికి నెలకు 4,300 డాలర్ల దాకా వస్తుంది. ఊళ్లో బస్సు సరిగా ఉండదు కాబట్టి పాత కారు కొనాల్సి వచ్చింది. అది కూడా నా కాగితంలో లేదు. పెద్ద నగరంలో అయితే ఆ ఖర్చు తప్పేదేమో, ఒప్పుకుంటాను. నెలకు లక్ష రూపాయలు పంపిస్తోంది. వాయిదా పోగా మిగిలిన 73 వేలు బంగారం అప్పుకు. అది తీరాక మొత్తం లక్షా చదువు అప్పుకే మళ్లిస్తే, 36 నెలల ఓపీటీ ముగిసే 2028 జూన్ నాటికి సుమారు 3 లక్షలు మిగులుతాయి. నా కొలతకు మూడు నెలలు దాటిపోయింది. ఖాళీగా గడిచిన ఐదు నెలల ఖరీదు దాదాపుగా అదే.

పెద్ద నగరం సీటు తీసుకుని, ఇవే అడ్డంకులు, ఇదే జీతం ఎదురైతే 2028 జూన్‌కు ఇంకా సగం అప్పు ఉండేది. అక్కడ జీతం ఎక్కువ వచ్చేదని తండ్రి ఇప్పటికీ అంటారు. వచ్చేదేమో. అద్దె కూడా వచ్చేది.

ఇప్పుడు నా కాగితంలో రెండు వరుసలు పెరిగాయి. ఒకటి, పట్టాకూ తొలి జీతానికీ మధ్య ఖాళీ నెలలు. అందరికీ ఆరు వేస్తున్నాను, కోర్సు ఏదైనా. రెండోది, తొలి వాయిదా నాటికి పూచీదారు ఆదాయం ఏ దశలో ఉంటుందన్నది. ఉద్యోగి అయితే పదవీ విరమణ తేదీ రాయమంటాను, రైతు అయితే తోట వయసు. మొదటి ప్రశ్న కూడా మార్చాను. ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉందో, వాళ్లు గదిలో ఉంటేనే మిగతా మాటలు.

తండ్రి 2026 జనవరిలో రెండెకరాల చీనీ చెట్లు పీకించారు. ఆ తల్లి ప్రతి నెలా వాయిదా పడిన మర్నాడు ఫోను చేసి రెండే అడుగుతుంది. బంగారం అప్పు ఇంకా ఎంత, దస్తావేజులు ఎప్పుడు చేతికొస్తాయి. ఫిబ్రవరి నాటికి బంగారం అప్పు సగానికి పైగా తీరిందని చెప్పాను. రెండో దానికి 2028 అన్నాను. "ఏ నెల?" అంది.

సెప్టెంబరు అని చెప్పాను.